కంపెనీ ఖాతా స్తంభించి, పైగా క్రిమినల్ కేసు కూడా ఉంటే: గుంటూరు బ్రాంచి నుంచి నేలపాడు హైకోర్టు దాకా వరుస పనులు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొని ఇతర రాష్ట్రాలకు పంపే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీని ఊహించుకోండి. ఒక శుక్రవారం ఉదయం లారీ కిరాయి చెల్లించబోతే ఆర్‌టీజీఎస్ వెనక్కి వచ్చింది. బ్యాంకుకు ఫోను చేస్తే "పైనుంచి ఆపారండీ" అన్నారు. ఖాతాలో 62 లక్షలు ఉన్నాయి. ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ మోసానికి గురైన వ్యక్తి డబ్బులో 48 వేలు చేతులు మారి, మిర్చి కొన్న వ్యాపారి ద్వారా ఈ ఖాతాకు చేరాయి. ఆ 48 వేల కోసం 62 లక్షలూ ఆగిపోయాయి.

ఇది మొదటి రకం. ఇందులో కంపెనీ నిందితురాలు కాదు. రెండో రకంలో సరుకు లావాదేవీ బెడిసికొట్టి, ఎదుటి పార్టీ విజయవాడలో మోసం కేసు పెట్టింది. అందులో కంపెనీ ఏ1 (మొదటి నిందితురాలు), డైరెక్టర్లు ఏ2, ఏ3. దర్యాప్తు అధికారి ఖాతా కూడా ఆపించాడు.

రెండింటికీ మందు ఒకటి కాదు. రెండో రకంలో కూడా ఖాతా వేరు, కేసు వేరు. ఖాతా విడిపించుకునే వాదన కొన్ని వారాల్లో తేలవచ్చు, కేసు కొట్టివేయించే వాదనకు ఏళ్లు పట్టవచ్చు. రెండూ ఒకే పిటిషన్లో కుక్కితే త్వరగా తేలేది కూడా నెమ్మదిగా కదిలే దాని వెనక క్యూ కడుతుంది. కింద చెప్పేదంతా ఈ విభజన మీదే నడుస్తుంది. మీ న్యాయవాదికి బదులుగా దీన్ని వాడకండి. ఆయన దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్లకుండా ఉండటానికి వాడుకోండి.

1. మొదటి రోజు: ఎవరు ఆపారు, ఎంత ఆపారు

"ఫ్రీజ్ అయింది" అన్న మాట ఒక్కటే అయినా వెనక మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. పూర్తి స్తంభనలో డబ్బు రాదు, పోదు. డెబిట్ ఫ్రీజులో వస్తుంది, పోదు. లీన్‌లో ఫలానా మొత్తం మాత్రమే ఆగి, మిగతాది వాడుకోవచ్చు. మీ పోరాటమంతా చాలాసార్లు మొదటి రెండింటి నుంచి మూడోదానికి దిగడమే.

బ్రాంచి మేనేజరుతో మాట్లాడండి. కానీ మాటలతో ఆపకండి. కంపెనీ అధికారిక ఈమెయిలు నుంచి ఈ ప్రశ్నలు పంపండి:

- ఆపమని చెప్పిన అధికారి, స్టేషను, జిల్లా, రాష్ట్రం ఏవి?
- ఏ చట్టం, ఏ సెక్షను కింద? ఆ నోటీసు ప్రతి ఇవ్వగలరా?
- క్రైం నంబరు ఉందా, లేక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ద్వారా లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ద్వారా నమోదైన ఫిర్యాదు సంఖ్య మాత్రమేనా?
- వివాదంలో ఉన్న మొత్తం ఎంత? అది ఏ తేదీన, ఏ యూటీఆర్ నంబరుతో (బ్యాంకు లావాదేవీ గుర్తింపు సంఖ్య) వచ్చింది?
- ఆ మొత్తానికే లీన్ పెట్టకుండా ఖాతా మొత్తం ఎందుకు ఆపారు?

సెక్షను సంఖ్య చూసి దాటేయకండి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో భారతీయ నాగరిక సురక్ష సంహిత అమల్లో ఉంది. పోలీసులు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం అందులో సెక్షను 106, పాత 102. సెక్షను 94 అంటే, పాత 91, పత్రాలు తెప్పించుకునే అధికారం మాత్రమే. 94 కింద వచ్చిన ఉత్తరం మీద ఖాతా ఆపి ఉంటే, మీ పిటిషన్లో మొదటి పేరా అప్పటికే సిద్ధమైనట్టు.

బ్రాంచి జవాబివ్వకపోతే ఆ బ్యాంకు నోడల్ అధికారికి రాయండి. 30 రోజులు గడిచినా సరైన స్పందన లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే పోలీసులు పెట్టిన స్తంభనను అంబుడ్స్‌మన్ తొలగిస్తారని ఆశ పెట్టుకోకండి. బ్యాంకు మౌనం మీద ఫిర్యాదుకే అది పనికొస్తుంది.

ఆపింది పోలీసులు కాకపోతే దారి మారుతుంది. జీఎస్టీ చట్టం సెక్షను 83 కింద తాత్కాలిక జప్తు అయితే డీఆర్‌సీ-22ఏ ఫారంలో అభ్యంతరం వేయాలి. ఆ జప్తు ఏడాదికి మించి నిలవదు. ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) అయితే మనీ లాండరింగ్ చట్టం చెప్పిన పద్ధతి, గడువులు వేరు. ఆ పద్ధతి పాటించకుండా ఉత్తరం ముక్కతో ఆపిన ఖాతాలను 2021లో ఆప్టో సర్క్యూట్ కేసులో సుప్రీంకోర్టు విడిపించింది. ఇక్కడి నుంచి పోలీసుల కేసుల గురించే చెబుతాను.

2. కాగితాలు: లాయరును కలిసే ముందు

ఎఫ్‌ఐఆర్‌తో మొదలుపెట్టండి. సున్నితమైన కేసులు మినహా, ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి ముందు అక్కడ వెతకండి. మొదటి రకంలో అసలు ఎఫ్‌ఐఆర్ లేకపోవచ్చు, ఫిర్యాదు సంఖ్య మాత్రమే ఉండవచ్చు. అది కూడా ఒక వాదనే.

తరువాత, వివాదంలో ఉన్న ఒక్కొక్క జమకు వెనక ఉన్న సరుకును చూపించాలి. చాలా మంది ఆరు నెలల స్టేట్‌మెంటు కట్ట తెచ్చి బల్ల మీద పడేస్తారు. అందులో ఏ గీత చూడాలో జడ్జికి ఎవరు చెబుతారు? ఒకే పేజీ పట్టిక చేయండి: జమ తేదీ, యూటీఆర్, మొత్తం, కొనుగోలుదారు, ఇన్వాయిస్ నంబరు, ఈ-వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ. మన 48 వేలు ఒక ఇన్వాయిస్‌లో భాగమని, దానికి తగిన టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డు గేటు దాటాయని ఆ పేజీ చూడగానే తెలియాలి. నా లెక్కలో ఈ ఒక్క పేజీ ఇరవై పేజీల వాదన కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఫైలులో ఉండవలసినవి:

- ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, ప్రస్తుత డైరెక్టర్ల జాబితా
- కేసు నడపడానికి ఒకరికి అధికారం ఇస్తూ బోర్డు తీర్మానం
- బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంటు
- పైన చెప్పిన పట్టిక, దాని వెనక ఇన్వాయిస్‌లు
- ఆ నెలల జీఎస్టీ రిటర్నులు
- వాట్సాప్ సంభాషణలు, ఈమెయిళ్ల ప్రింట్లు, వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షను 63(4) ప్రకారం సర్టిఫికెట్
- జీతాలు, పన్నులు, రుణ వాయిదాలు ఏ తేదీన ఎంత కట్టాలో ఒక జాబితా

బోర్డు తీర్మానం విషయంలో ఒక జాగ్రత్త. వీలైతే కేసులో నిందితుడు కాని డైరెక్టరుకు లేదా అధికారికి సంతకం అధికారం ఇవ్వండి. ఏ2 చేతే కంపెనీ అఫిడవిట్ మీద సంతకం పెట్టిస్తే, ఆయన రాసిన ప్రతి వాక్యం రేపు ఆయన మీదే ప్రశ్నగా తిరిగి రావచ్చు.

3. ఖాతా లేని నెలను గడపడం

కోర్టు పని నడుస్తుండగా వ్యాపారం కూడా బతకాలి. వరుసగా రెండు నెలలు జీఎస్‌టీఆర్-3బీ రిటర్ను వేయకపోతే ఈ-వే బిల్లు ఆగిపోతుంది. మిర్చి వ్యాపారికి అంటే లారీ ఆగిపోయినట్టే. కాబట్టి జీఎస్టీకి ఎలాగైనా దారి చూడండి.

ఇంతకుముందే ఇచ్చిన చెక్కులు తిరిగి వస్తాయి. "ఖాతా ఆపింది పోలీసులు కదా, మనకేమిటి" అని ఊరుకోకండి. చెక్కు చెల్లలేదంటూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షను 138 నోటీసు వస్తే, అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు మరో మార్గాన కట్టండి, లేదా స్తంభన వివరాలతో న్యాయవాది ద్వారా జవాబివ్వండి. చెక్కు తీసుకున్నవారికి ముందే ఒక ఉత్తరం రాస్తే ఇంకా మంచిది.

కొత్త ఖాతా తెరవవచ్చా? కోర్టు లేదా మరే అధికారి నిషేధం లేకపోతే తెరవవచ్చు. బోర్డు తీర్మానంతో, రుణమిచ్చిన బ్యాంకు అనుమతితో తెరవండి, పిటిషన్లో ఆ సంగతి చెప్పండి. దాచి తెరిచిన ఖాతా, డైరెక్టరు భార్య ఖాతాలోకి మళ్లించిన వసూళ్లు, ఇవి రెండూ అమాయకుడిని కూడా నిందితుడిలా చూపిస్తాయి.

4. ఏ తలుపు తట్టాలి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

ముందుగా దర్యాప్తు అధికారికి వినతిపత్రం. పట్టిక, ఇన్వాయిస్‌లు జతచేసి, "వివాద మొత్తానికి లీన్ ఉంచి మిగతాది విడుదల చేయండి" అని అడగండి. స్పీడు పోస్టులోను, ఈమెయిల్లోను పంపి రసీదులు దాచండి. కొన్ని స్టేషన్లు దీనితోనే లీన్‌కు దిగుతాయి. దిగకపోయినా నష్టం లేదు: "ముందు అక్కడ అడిగారా?" అని హైకోర్టు వేసే ప్రశ్నకు మీ చేతిలో జవాబు ఉంటుంది. వారం, పది రోజులు చాలు. నెలల తరబడి ఎదురుచూడకండి.

తరువాత మేజిస్ట్రేటు. స్వాధీనం చేసుకున్న ఆస్తి సంగతి మేజిస్ట్రేటుకు తెలిపితే, విడుదల కోరే దారి సెక్షను 503, పాత 457. ఆస్తి కోర్టు ముందుకు వచ్చి ఉంటే 497, పాత 451. రెండో రకం కేసులో, అంటే కేసు విజయవాడలోనో గుంటూరులోనో ఉంటే, చాలాసార్లు ఇదే తక్కువ ఖర్చుతో తేలే దారి. నేరుగా నేలపాడు పరుగెత్తితే "మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లండి" అని పంపించవచ్చు.

మొదటి రకంలో మేజిస్ట్రేటు ఉన్నది వేరే రాష్ట్రంలో. 48 వేల కోసం అక్కడికి వెళ్లి లాయరును పెట్టుకోవాలా? రాజ్యాంగం అధికరణ 226(2) ప్రకారం, వివాద కారణంలో కొంత భాగం ఏ హైకోర్టు పరిధిలో తలెత్తితే అక్కడ రిట్ వేయవచ్చు. బ్రాంచి గుంటూరులో, కంపెనీ గుంటూరులో, నష్టం గుంటూరులో. కాబట్టి ఖాతా మేరకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో రిట్ వేసే వాదన గట్టిదే. బ్యాంకును, ఆ పోలీసు అధికారిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చేర్చని వారి మీద ఉత్తర్వు రాదు.

కానీ ఆ రాష్ట్రంలో నమోదైన ఎఫ్‌ఐఆర్‌నే కొట్టివేయమని అడగాలంటే, మామూలుగా ఆ రాష్ట్ర హైకోర్టుకే వెళ్లాలి. రిట్‌లో ఈ కోరికను కూడా ఇరికిస్తే, ప్రభుత్వ న్యాయవాది పరిధి అభ్యంతరంతో మొత్తం పిటిషన్ను పక్కకు తోయిస్తాడు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుని వెళ్లడం అంటే ఇదే.

5. ఖాతా పిటిషన్: ఏది వాదించాలి, ఏది వద్దు

బ్యాంకు ఖాతా "ఆస్తి" కాదని వాదించకండి. 1999లో తపస్ నియోగీ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. స్వాధీనం సంగతి మేజిస్ట్రేటుకు వెంటనే తెలపలేదు కాబట్టి చెల్లదన్న ఒక్క వాదన మీదే కూర్చోకండి. ఆలస్యం ఒక్కటే స్వాధీనాన్ని రద్దు చేయదని 2024లో షెంటో వర్గీస్ కేసులో తేల్చారు. ఆ పాయింటు రాయండి, కానీ చివర్లో రాయండి.

నిలబడే వాదనలు ఇవి:

- ఆపిన మొత్తానికి, నేరానికి సంబంధం ఏమిటో పోలీసుల నోటీసులో లేదు.
- వివాదం 48 వేలు, ఆపింది 62 లక్షలు. ఇలాంటి సందర్భంలో స్తంభనను ఫిర్యాదులో చెప్పిన మొత్తానికే పరిమితం చేయమని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులను ఆదేశించింది.
- ఆ జమ సరుకుకు వచ్చిన ధర, పట్టిక చూడండి.
- నేరం ద్వారా వచ్చిన సొమ్ము అనే కారణంతో జప్తు చేయాలంటే సెక్షను 107 కింద కోర్టు ద్వారా వెళ్లాలి, 106తో సరిపెట్టకూడదు. హైకోర్టులు దీని మీద ఒకే మాట మీద లేవు, కానీ వాదనగా తీసుకోవలసిందే.
- ఆపింది క్యాష్ క్రెడిట్ ఖాతా అయితే అందులో ఉన్నది కంపెనీ సొమ్ము కాదు, బ్యాంకు ఇచ్చే అప్పు. జీఎస్టీ జప్తుల్లో పలు హైకోర్టులు ఈ మాటను అంగీకరించాయి.

కోరికను మెట్లు మెట్లుగా రాయండి. పై మెట్టు: స్తంభన రద్దు. మధ్య మెట్టు: వివాద మొత్తానికి లీన్ ఉంచి మిగతా ఖాతా విడుదల. కింది మెట్టు: ఆ మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్టుగా ఉంచి లేదా బ్యాంకు గ్యారంటీ ఇచ్చి, జీతాలకు, పన్నులకు తాత్కాలిక అనుమతి. మొదటి వాయిదాలో జడ్జికి సులువుగా చేతికందేది మధ్య మెట్టు. దాన్ని రాయకుండా పై మెట్టు ఒక్కటే అడిగే పిటిషన్లు చూస్తే నాకు చిరాకు. అడగనిది ఎవరు ఇస్తారు?

6. క్వాష్ పిటిషన్: కేసునే కొట్టివేయమని అడిగేటప్పుడు

సంఖ్యల గందరగోళం ముందు తీర్చుకోండి. పాత సీఆర్‌పీసీ 482 హైకోర్టు సహజ అధికారం, ఇప్పుడు అది 528. కొత్త సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. పాత నమూనా చూసి టైపు చేసేవారు ఇప్పటికీ తారుమారు చేస్తున్నారు.

1990 నాటి భజన్‌లాల్ తీర్పు ఏ రకం కేసులు కొట్టివేయవచ్చో ఏడు కోవలు చెప్పింది. మీ కేసు అందులో దేనికిందికి వస్తుందో ఒకటో రెండో ఎంచుకుని వాటి చుట్టే రాయండి. ఏడూ వర్తిస్తాయని రాస్తే ఒక్కటీ వర్తించదని చదివేవారికి అర్థమవుతుంది.

సరుకు తగాదాలో గుండెకాయ లాంటి ప్రశ్న ఒక్కటే: ఒప్పందం చేసుకున్న రోజే మోసం చేసే ఉద్దేశం ఉందా? కొంత సరుకు పంపి, కొంత డబ్బు కట్టి, తరువాత నాణ్యత మీద తగాదా వచ్చిందంటే ఆ ఉద్దేశం చూపడం ఫిర్యాదుదారుకు కష్టం. అందుకే తేదీల పట్టిక మళ్లీ పనికొస్తుంది. అదే సంగతుల మీద మోసం, నమ్మకద్రోహం రెండు సెక్షన్లూ పెడితే, అవి రెండూ ఒకే చోట ఇమడవని 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఎత్తి చూపండి.

డైరెక్టర్లకు వేరే వాదన ఉంది. కంపెనీ చేసిన దానికి డైరెక్టరు పదవి ఒక్కటే చాలదు. ఆయన స్వయంగా ఏం చేశారో చూపాలి, లేదా చట్టమే బాధ్యత మోపాలి. 2015లో సునీల్ భారతి మిత్తల్ కేసు ఇందుకు ఆధారం. సంతకాలు పెట్టిన డైరెక్టరు, పేరుకే ఉన్న డైరెక్టరు ఇద్దరూ ఒకే పిటిషన్లో ఉంటే రెండోవారి వాదన పలుచబడుతుంది. విడిగా వేయండి.

తాత్కాలిక ఉత్తర్వుల సంగతి. "బలవంతపు చర్యలు వద్దు" అన్న గుండుగుత్త ఉత్తర్వులు మామూలుగా ఇవ్వవద్దని 2021లో నీహారిక తీర్పు హైకోర్టులకు చెప్పింది. కాబట్టి దేన్ని ఆపాలో, ఎందుకో స్పష్టంగా అడగండి. పిటిషన్ వేశాం కదా అని హాజరు కమ్మని పోలీసులిచ్చే సెక్షను 35(3) నోటీసును పక్కన పెట్టడం పెద్ద తప్పు. హాజరవండి, పత్రాలు ఇవ్వండి, రసీదు తీసుకోండి. సహకరించిన నిందితుడి పిటిషన్ వినే తీరే వేరు.

రాజీ కుదిరే తగాదా అయితే అది కూడా దారే. ప్రధానంగా సివిల్ స్వభావం ఉన్న వాణిజ్య తగాదాల్లో రాజీ మీద కేసు కొట్టివేయవచ్చని 2012లో జ్ఞాన్ సింగ్ తీర్పు చెప్పింది. మధ్యవర్తి మాట మీద డబ్బు ముందు ఇచ్చేయకండి. రాజీ పత్రం, ఫిర్యాదుదారు అఫిడవిట్, చెల్లింపు, మూడూ ఒకే చేతి మీదుగా, ఒకే రోజు జరిగేలా చూసుకోండి.

7. దాఖలు చేసే ముందు రాత్రి

హైకోర్టు భాష ఇంగ్లీషు. తెలుగులో ఉన్న ఎఫ్‌ఐఆర్, ఫిర్యాదు, కాటా చీటీల మీద రాతలు, అన్నిటికీ అనువాదం కావాలి. నేలపాడు వెళ్లాక ఈ లోపం బయటపడితే, ఆ రోజు పోయినట్టే. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో వెకేషన్ బెంచి రోజులు ముందే తెలుసుకోండి.

- వకాల్తా, అఫిడవిట్, బోర్డు తీర్మానం: మూడింటిలో సంతకందారు పేరు, హోదా ఒకేలా ఉన్నాయా?
- క్వాష్ పిటిషన్లో మొదటి ప్రతివాది రాష్ట్రం, రెండో ప్రతివాది ఫిర్యాదుదారు. ఇద్దరూ ఉన్నారా?
- ఇదే విషయం మీద మేజిస్ట్రేటు దగ్గర, ఇతర కోర్టుల్లో వేసినవన్నీ చెప్పారా?
- ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, బ్రాంచి పేరు కోరికలోనే ఉన్నాయా?
- తాత్కాలిక ఉత్తర్వుల దరఖాస్తు విడిగా జతచేశారా?

మూడో గీత దగ్గర ఆగండి. పాత పిటిషన్ కొట్టివేతకు గురైందని దాచితే, అసలు వాదన ఎంత బలమైనదైనా ఆ దాచడం ఒక్కటే దాన్ని ముంచుతుంది.

8. ఉత్తర్వు వచ్చాక

తీర్పు విన్న సంతోషంలో బ్రాంచికి ఫోను చేసి ఊరుకోకండి. ధ్రువీకరించిన ప్రతి తీసుకుని బ్రాంచికి, నోడల్ అధికారికి, దర్యాప్తు అధికారికి ఒకే రోజు పంపండి. కొన్ని బ్రాంచీలు "పోలీసుల నుంచి కూడా ఉత్తరం కావాలి" అంటాయి. ఉత్తర్వులో బ్యాంకుకు నేరుగా ఆదేశం ఉంటే ఆ పేరాను గుర్తుపెట్టి చూపించండి, లేకపోతే దర్యాప్తు అధికారి నుంచి ఉత్తరం తెచ్చుకోవడమే త్వరగా అయ్యే పని. అమలు చేయకపోతే ముందు లాయరు నోటీసు, ఆ తరువాత కోర్టు ధిక్కార పిటిషన్. దీనికి ఏడాది గడువు ఉంది.

విడుదలయిందని చెప్పగానే చిన్న మొత్తం బయటికి పంపి చూడండి. పోకపోతే లీన్ వివరాలు మళ్లీ అడగండి. ఒకే మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారు అనేక చోట్ల ఫిర్యాదు చేస్తారు కాబట్టి, ఒక స్టేషను లీన్ పోగానే దాని కింద మరో స్టేషనుది బయటపడవచ్చు. అప్పుడు ఒకటో అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి పట్టిక సిద్ధంగా ఉంటుంది.